పదిహేను రోజుల గడువు

ఉప్పల్ గోదాము గేటు దగ్గర కనకరాజు కోసం ఒక కుర్చీ వేసి ఉండేది. అందులో వాన నీళ్లు కూర్చునేవి, వేపపూత కూర్చునేది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఒక గోధుమరంగు పిల్లి కూర్చునేది. కనకరాజు మాత్రం పక్కన నిలబడేవాడు. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో నిలబడ్డ కాళ్లు అవి. వాటికి కూర్చోవడమే శ్రమ.

అది ఒక సర్కారు శాఖవారి సామాను గోదాము. పైపులు, వాల్వులు, రాగితీగ చుట్టలు, తుప్పుపట్టి తన పేరు తానే మరిచిపోయిన ఇనుము. లోపలికొచ్చే ప్రతి బండీ, బయటికిపోయే ప్రతి బండీ కనకరాజు రిజిస్టరు దాటి పోవాల్సిందే. అతను జూనియర్ అసిస్టెంటు. మాజీ సైనికుల కోటాలో వచ్చిన ఉద్యోగం.

పుట్టింది జనగామ పక్కన, చెలకల్లో మట్టికంటే రాళ్లు ఎక్కువున్న ఊళ్లో. పంతొమ్మిదో ఏట సైన్యం భర్తీకి పరుగు తీశాడు. ఆ పరుగు ఆగి వెనక్కి చూసుకునేసరికి నలభై మూడేళ్లు. ఫిరంగి దళంలో హవల్దారుగా దిగిపోయి, నాచారంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. పింఛను అన్నం పెడుతుంది గానీ, పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో చెప్పదు. అందుకని పదో తరగతి చదివే కూతురు పద్మశ్రీ పక్కనే చాప మీద కూర్చుని, సర్కారు కొలువు పరీక్ష కోసం అతనూ పుస్తకాలు తెరిచాడు. రాత్రి అన్నాలయ్యాక ఆ పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని అడిగేది.

"నాన్నా, నిన్నటి పాఠం అప్పజెప్పు. మర్సిపోయినవా? గుంజీలు తియ్యి."

హవల్దారు గుంజీలు తీసేవాడు. తల్లి కల్పన మిషన్ మీద జాకెట్లు కుడుతూ నవ్వేది. ఫలితం వచ్చిన రోజు మాత్రం ఆమె నవ్వలేదు. కుట్టుమిషన్ చక్రాన్ని అరచేత్తో ఆపి, చాలాసేపు ఆ చక్రం వైపే చూసి, ఒక్క మాట అంది.

"ఇగ సాయంత్రాలు నావి."

ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు అతని సెలవులు మాత్రమే దొరికాయి. ఏడాదికి రెండు నెలలు వచ్చి పోయే మనిషిని ఎంతవరకు మొగుడనుకోవాలో, ఎక్కడినుంచి చుట్టమనుకోవాలో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి గుమ్మంలో అతని చెప్పుల చప్పుడు వినపడుతుంటే, ఆ చప్పుడు కోసమే ఆమె చాయ్ పొయ్యి మీద పెట్టేది.

ఉద్యోగంలో చేరిన వారంలోనే సీనియర్ అసిస్టెంటు కరుణాకర్ అతనికి సర్కారు నౌకరి అంటే ఏంటో చెప్పాడు. కరుణాకర్ పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. రూల్సు పుస్తకాన్ని పిల్లనిచ్చిన మామ ఇల్లులా ఎరిగినవాడు.

"కనకన్నా, ఈ రెండేండ్లు ప్రొబేషన్. కిరాయింట్ల ఉన్నట్టు. అది దాటినంక సొంతిల్లు. కిరాయింట్ల ఉన్నప్పుడు గూడ, నువ్వు తప్పు జేసినవని ఎల్లగొట్టాలంటే అడుగక ఎల్లగొట్టరాదు. మెమో ఇయ్యాలె. పదిహేను రోజులు టైమియ్యాలె. నీ జవాబు సూడాలె. సాక్షుల పిలిపియ్యాలె. పెండ్లికన్న పెద్ద తంతు. నడుమ ఏడనో ఓ కాడ అందరు అల్సిపోతరు. నౌకరి నిలవడ్తది."

"మరి మన ఆగయ్య మామకు?"

కరుణాకర్ బొటనవేలు, చిటికెనవేలు చాపి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మామకు ఫోను. ఏజెన్సోనికి ఒక్క ఫోను గొడితే, రేపటి సంది మామ లేడు. అంతే."

ఆగయ్య గేటు కాపలాదారు. ఔట్‌సోర్సింగు మనిషి. అరవై దగ్గర పడుతున్న వయసు. ఇప్పుడు మెట్రో రైళ్లు రాత్రిపూట పడుకునే వైపు ఒకప్పుడు వాళ్లకు జొన్నచేను ఉండేదట. సొంత ఊరు ఉప్పలే. ఊరు అతన్ని విడిచి పోయింది గానీ, అతను ఊరు విడిచి పోలేదు. మొదటి రోజు కనకరాజును 'సారు' అన్నాడు. కనకరాజు 'మామా' అని పిలిచేసరికి ఆలోచించి, రెండూ కలిపి 'అల్లుడు సారు' చేశాడు.

"అల్లుడు సారు, జర కూసోరాదు. నువ్వు నిలవడితె నేను గూడ నిలవడాలె. నా మోకాళ్లు నీ లెక్క మిలటరీల పుట్టలే."

"నువ్వు కూసో మామా. నేను సూస్త."

అట్లా దాదాపు రెండేళ్లు గడిచాయి. ప్రొబేషన్ పూర్తికావడానికి మూడు నెలలుంది.

మృగశిర కార్తె వచ్చింది. చేపల వాసనతో, మబ్బుతో, ఉక్కపోతతో ఉప్పల్ ఊపిరి బిగబట్టుకున్నట్టున్న ఒక గురువారం మధ్యాహ్నం, గోదాము అధికారి సుధీంద్ర కనకరాజును పిలిచాడు. మర్యాదస్తుడు, మెల్లగా మాట్లాడతాడు. మరుసటి వారం తనిఖీ ఉందని, వెనక షెడ్డులో పైపులు ఒకసారి స్వయంగా కొలిచి రమ్మని చెప్పాడు. కాగితం మీద రాసివ్వలేదు; అట్లాంటివి ఎవరూ రాసివ్వరు. కనకరాజు రిజిస్టరు గేటు బల్ల మీద పెట్టి, ఆగయ్యకు చెప్పి, టేపు పట్టుకుని వెనక్కి వెళ్లాడు.

అతను షెడ్డులో ఉన్నప్పుడు ఆగయ్యకు ఫోనొచ్చింది. నాచారం ఈఎస్ఐ దవాఖానాలో మందుల వరుసలో నిలబడ్డ భార్య బాలనర్సమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. గుండె బలహీనమని రెండేళ్లుగా మందులు వాడుతున్న మనిషి. ఆగయ్య స్టూలు మీంచి లేచాడు. లోపలికెళ్లి చెబుదామంటే షెడ్డు దూరం. రోడ్డు మీద ఆటో కనపడింది. గేటుకు గొలుసు చుట్టాడు, తాళం వేయడం మరిచాడు, ఆటో ఎక్కాడు.

గంటన్నర తర్వాత తిరిగొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. మరుసటి రోజు పంపాలని ముందువైపు పేర్చిన నాలుగు రాగితీగ చుట్టలు లేవు. అవి ఉన్న చోట నేల మీద నాలుగు పొడి వలయాలు. అప్పుడే మొదలైన చినుకులు ఒక్కొక్క వలయంలోకి దిగుతున్నాయి. కనకరాజు వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

ఆగయ్య ఫోను సంగతి, ఆటో సంగతి చెప్పాడు.

"అత్తమ్మ ఎట్లున్నది?" అని అడిగాడు కనకరాజు, సంగతంతా విన్నాక.

"లేసి కూసున్నది. సారూ, నేను—"

"ఎవరికన్న చెప్పినవా, పోయిన అని?"

"లే."

"చెప్పకు."

మరుసటి రోజు పోలీసులొచ్చారు, రాసుకున్నారు, పోయారు. ఆ సాయంత్రమే మెమో వచ్చింది. గేటు బాధ్యత మీది గనుక మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో పదిహేను రోజుల్లోగా జవాబు ఇవ్వవలసింది అని.

ఇక్కడ ఫిరంగి గురించి కొంచెం చెప్పాలి. ఒక ఫిరంగి మీద కొంతమంది సైనికులుంటారు. వాళ్లమీద ఒక హవల్దారు. అతన్ని నంబర్ వన్ అంటారు. ఆ ఫిరంగి దగ్గర ఎవరు ఏ పొరపాటు చేసినా జవాబు చెప్పేది నంబర్ వన్. ఒకసారి సిక్కిం మంచులో కనకరాజు కింద కుర్రాడొకడు, వేళ్లు మొద్దుబారి, గురిచూసే అద్దాన్ని రాయి మీద జారవిడిచాడు. విలువైన పరికరం. మరునాడు టోపీ, బెల్టు తీయించి కనకరాజును కమాండింగ్ ఆఫీసరు ముందు నిలబెట్టారు. తప్పు ఎవరిదని అడిగారు. నాదే అన్నాడు. శిక్ష చదివారు. సర్వీసు పుస్తకంలో రాశారు. ఆ సాయంత్రమే అదే ఆఫీసరు అతన్ని పిలిచి, వేడి చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, ఊళ్లో వానలు పడ్డాయా అని అడిగాడు. అక్కడ తప్పుకు ఆయుష్షు ఒక్క రోజే. ఒప్పుకున్న పూటే అది చచ్చిపోతుంది. ఎవరూ మళ్లీ తవ్వి తీయరు.

ఆ మెమో చేతిలో పట్టుకుని కనకరాజు ఆలోచించిందేమీ పెద్దది కాదు. తనకు మెమో వచ్చింది. ఆగయ్యకైతే ఫోను పోతుంది. తనను కాయడానికి ఒక రూల్సు పుస్తకముంది. ఆగయ్యను కాయడానికి ఎవరూ లేరు. దెబ్బ గొడుగున్నవాడి మీద పడితేనే నయం కదా. మహా అయితే ఇంక్రిమెంటు ఆపుతారు, హెచ్చరిక రాస్తారు.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నాడు. తెల్లకాగితం తొడ మీద పెట్టుకుని రాశాడు. ఆ సమయంలో గేటు దగ్గర నేనే ఉన్నాను. నా అజాగ్రత్త వల్లే సామాను పోయింది. పూర్తి బాధ్యత నాది. ఏ శిక్షకైనా సిద్ధంగా ఉన్నాను. రాసి, కలం ఎత్తి, అధికారుల సమయం వృథా చేయడం పద్ధతి కాదనిపించి, చివర ఇంకో వాక్యం కలిపాడు. విచారణ అవసరం లేదు.

పదిహేను రోజుల గడువిస్తే పదిహేను నిమిషాలు పట్టింది.

సుధీంద్ర ఆ కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు. వెనక షెడ్డుకు తాను పంపిన సంగతి ఆ కాగితంలో లేదు. ఒకసారి కనకరాజు ముఖం వైపు, ఒకసారి కిటికీ వైపు చూశాడు.

"ఇంత తొందరేముంది కనకరాజూ? రేపో ఎల్లుండో ఇవ్వొచ్చు."

"అయిపోయింది సార్. ఆలోచించే రాసిన."

"సరే మరి," అన్నాడు సుధీంద్ర, మరీ మెల్లగా. ఫైలు తెరిచి, కాగితాన్ని లోపల పెట్టి, ట్యాగు ముడి వేశాడు.

సెలవులోంచి వచ్చిన కరుణాకర్ ఆ ఫైలు చూసి నేరుగా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆ పొట్టి మనిషి పరుగెత్తడం అందరూ అదే మొదటిసారి చూడటం.

"ఏం పని జేసినవన్నా? తనిఖీ వస్తున్నదంటె సారు పైపులు గొల్వ తోలుతడని నాకు ఎరుకనే. గేటు కాడున్న అని ఎందుకు రాసినవు?"

"ఎవరో ఒకలు జవాబు చెప్పాలె గద."

"ఇది మిలటరీ గాదన్నా. ఈడ ఎవడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవుడే ఈడ పద్ధతి. ఒప్పుకున్నోన్ని ఎట్ల ఇడ్సిపెట్టాల్నో ఈ ఆఫీసుకు రాదు. ఇచారణ అక్కర్లేదని రాస్తవా? అదే నీ బంకరు. దాన్ని నువ్వే కూలగొట్టుకున్నవ్."

"వాపస్ తీస్కోవచ్చా?"

కరుణాకర్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

శ్రావణమాసంలో ఆర్డరు వచ్చింది. ప్రొబేషన్ ముగియడానికి ఆరు వారాలుంది. ఉద్యోగి తన తప్పును స్వదస్తూరితో అంగీకరించినందున, విచారణ అవసరం లేదని తానే తెలిపినందున, సర్వీసు నుంచి తొలగించడమైనది. కనకరాజు దాన్ని మూడుసార్లు చదివాడు. ఆ వాక్యంలో తన మాటలే ఉన్నాయి. తన తుపాకీని తనవైపే తిప్పినట్టుంది. గేటు దాటుతుంటే ఆగయ్య నిలబడ్డాడు, రెండు చేతులూ పక్కలకు ఆనించి, అటెన్షన్‌లో. ఎక్కడ నేర్చుకున్నాడో.

మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో గుమాస్తా మంచివాడు. కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. కోటా ఒక్కసారికేనని, వాడుకున్నాక మళ్లీ అదే మెట్టు మీద కాలు పెట్టడం కుదరదని చెప్పాడు. మూడు నెలల్లో అప్పీలు చేసుకునే వీలుందని కూడా చెప్పాడు. కనకరాజు అప్పీలు సంగతి ఇంట్లో చెప్పలేదు. నాచారంలో ఒక మందుల కంపెనీ గేటు దగ్గర గార్డుగా చేరాడు. పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. కంపెనీ గాలిలో ఎప్పుడూ కుళ్లిన పండులాంటి, కాలిన చక్కెరలాంటి వాసన. అది అతని చొక్కాలోకి, తలగడలోకి, పద్మశ్రీ పుస్తకాల్లోకి చేరింది. సాయంత్రం ఆరింటికి గుమ్మంలో చప్పుడు ఆగిపోయింది. కల్పన కొన్నాళ్లు అలవాటు కొద్దీ చాయ్ పెట్టి, ఒక్కతే తాగి, తర్వాత పెట్టడం మానేసింది.

అప్పీలు సంగతి ఆమెకు కరుణాకర్ ఇంటినుంచి తెలిసింది. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన అతని భార్య మాటల్లో మాటగా చెప్పింది. అప్పటికి గడువు ఇంకో ఐదు రోజులుంది. ఆ మధ్యాహ్నం కనకరాజు నిద్రలేచి ముఖం కడుక్కుంటుంటే కల్పన తువ్వాలు చేతికివ్వకుండా తన భుజానే ఉంచుకుంది.

"ఉన్నదున్నట్టు రాస్తే నౌకరి వస్తదటగా."

"రావచ్చు. రాకపోవచ్చు."

"మరెందుకు రాయలే?"

"ఆగయ్య మామ పేరు రాయాలె."

"ఆయన తప్పే కదయ్యా."

"ఆయన తప్పే. కని ఆయన పేరు బయటవడితె..." కనకరాజు తడి ముఖంతోనే ఆగాడు. "నా కింద మనిషే, కల్పనా. నంబర్ వన్ గట్ల రాయడు."

పక్కింట్లో ప్రెషర్ కుక్కరు కూసింది. కల్పన గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది.

"ఇరవై నాలుగేండ్లు ఎవరెవరికో నంబర్ వన్‌వి అయినవు. తమిళపోనికి, బెంగాలోనికి, పంజాబోనికి. వాళ్ల తప్పులన్ని మోసినవు. ఏనాడు అడుగలే నేను. నాకెప్పుడు అయితవు?"

తువ్వాలు అతని భుజం మీద వేసి లోపలికి వెళ్లింది. మిషన్ చప్పుడు మొదలైంది. అందులో గుడ్డ లేదని, ఊరికే తొక్కుతోందని, ఆ చప్పుడు వింటేనే అతనికి తెలిసిపోయింది.

మరుసటి రోజు కనకరాజు గోదాము గేటు దగ్గరికి వెళ్లాడు. ఆగయ్య లేచి తన స్టూలు ముందుకు జరిపాడు. అతను కూర్చోలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పాడు. జరిగింది జరిగినట్టు రాయాలని. ఆ రోజు గేటు విడిచిపోయింది తానేనని ఆగయ్య కూడా ఒక కాగితం ఇస్తే, అప్పీలుకు బలముంటుందని కరుణాకర్ అంటున్నాడని.

"ఇస్తె నీ నౌకరి పోవచ్చు మామా. నువ్వు వద్దంటే వద్దు. నేను ఏమనుకోను."

ఆగయ్య గేటు ఊచ మీద చెయ్యి వేసి రోడ్డు వైపు చూశాడు. ఏళ్లుగా పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాలు దుమ్ములో వరుసగా, మొండి భుజాలతో నిలబడి ఉన్నాయి.

"అయిదు నెలల సంది నేను ముద్ద దిగి తింటున్న అనుకుంటున్నవా, అల్లుడా?" అన్నాడు. 'సారు' అనలేదు. "రోజు పొద్దుగాల గేటు తీసేటప్పుడు అనుకుంట, ఇయ్యాల పోయి చెప్పేస్త అని. పొద్దుగూకినాక అనుకుంట, రేపు చెప్త అని. నీకున్న దైర్నం నాకు లేకపాయె. కాయితం దే. సంతకం పెడ్త. సంతకం మంచిగనే వస్తది నాకు, భూమి అమ్మినప్పుడు నేర్సుకున్న."

కరుణాకర్ రెండు కాగితాలూ తయారుచేశాడు. ఆగయ్య తన పేరును నాగలి దున్నినట్టు, లోతుగా, నెమ్మదిగా రాశాడు.

అప్పీలు ఇచ్చిన మూడో రోజు ఉదయం ఏజెన్సీ నుంచి ఆగయ్యకు ఫోనొచ్చింది. మాట్లాడింది అర నిమిషం. డ్యూటీ చొక్కా ఇచ్చెయ్యమన్నారట. ఆ చొక్కా కింద వేరే చొక్కా లేక, ఆగయ్య ఇంటికి పోయి, మార్చుకుని, ఉతికి ఆరేసి, మర్నాడు మడత పెట్టి తెచ్చిచ్చాడు.

పిలుపు పుష్యమాసంలో వచ్చింది. నగరంలోని పెద్దాఫీసు. విజయశ్రీ అనే పై అధికారి. పెద్ద బల్ల, దాని మీద ఒక చిన్న మనీప్లాంటు. ఆమె ఫైలంతా చదివే వచ్చిందని మొదటి మాటలోనే తెలిసింది. కనకరాజుకు కొంచెం ధైర్యం కలిగింది. చదివిన ఆఫీసరు న్యాయం చేస్తాడని అతని నమ్మకం.

"ఆగయ్య గారి కాగితం చూశాను. మీ అప్పీలు కూడా. మీరు చెప్పేది నిజమే అయివుండొచ్చు. షెడ్డుకు పంపారా అని సుధీంద్ర గారిని అడిగాం. గుర్తు లేదన్నారు." ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "రెండింటి కిందా మీ సంతకమే ఉంది. గేటు దగ్గర ఉన్నానని ఒకటి. లేనని ఒకటి. ఏది అబద్ధం?"

"మొదటిది, మేడం."

"అంటే ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చారు."

కనకరాజు చేతులు ప్యాంటు కుట్టుకు ఆనుకున్నాయి.

"అవును, మేడం."

"ఎందుకు రాశారు?"

"నా కింద మనిషి, మేడం. జవాబు నేనే చెప్పాలె."

ఆమె కాసేపు అతని వైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేదని తర్వాత అతనికి చాలాసార్లు అనిపించింది.

"ఆయన మీ కింద మనిషి కాదండీ. ఏజెన్సీ మనిషి. మీకూ ఆయనకూ ఉద్యోగరీత్యా ఏ సంబంధమూ లేదు." కాగితాలు ఫైలులోకి నెట్టింది. "అడక్కుండా ఎవర్నీ తీసెయ్యకూడదనే రూలు మీలాంటి వాళ్ల కోసమే పెట్టారు. మేము అడిగాం. పదిహేను రోజులిచ్చాం. మీరే వద్దన్నారు. ఇప్పుడు నేనేం చెయ్యను?"

అది ప్రశ్న కాదు. అయినా అతను జవాబు కోసం వెతికాడు. సైన్యంలో ప్రతి ప్రశ్నకూ ఒక జవాబుండేది. రెండు మాటల్లో, గట్టిగా.

అప్పీలు కొట్టేసిన కాగితం మాఘంలో పోస్టులో వచ్చింది. కల్పన దాన్ని చదవలేదు. కవరు వైపు చూసి, అతని ముఖం వైపు చూసి, రేషన్ కార్డు ఉండే డబ్బాలో పెట్టి మూత వేసింది. ఆ తర్వాత అతని పక్కన వచ్చి కూర్చుంది. "రాయమన్నది నేనే," అని మాత్రం ఒకసారి అంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కుట్టుపనితో గరుకైన ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

ఆగయ్యకు చెప్పాలి. ఫోన్లో చెప్పే సంగతి కాదు. మరునాడు షిఫ్టు మారే రోజు, డ్యూటీ మధ్యాహ్నం నుంచి కావడంతో పొద్దున్నే ఉప్పల్ బయల్దేరాడు. పాత ఊరి సందుల్లో, నాలుగంతస్తుల ఇళ్ల మధ్య, గాలి కోసం మెడ ఎత్తినట్టుండే ఒక్క గది ఇల్లు. గుమ్మంలో ఆగయ్య భార్యకు చెప్పులు తొడుగుతున్నాడు. బాలనర్సమ్మ ముఖం పసుపూ బూడిదా కలిపినట్టుంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో దవాఖానా కాగితాలు.

"ఏడికి మామా?"

"గాంధీ దవాఖానాకు. నౌకరి పోయినా ఈఎస్ఐ కార్డు నడిసినన్ని దినాలు నడిసింది. పోయిన నెలతోని బందయింది. నాచారంల ఇగ సూడరు." ఆగయ్య నడుము నిటారు చేశాడు. ముఖంలో ఒక ఆశ. "నీదేమాయె? వచ్చిందా?"

కనకరాజు తల అడ్డంగా ఊపాడు.

"రాలే మామా. కొట్టేసిన్రు."

ఆ ఆశ ఆగయ్య ముఖంలోంచి వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి, తర్వాత కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"నాది పోయినందుకు బాధ లేకుండె," అన్నాడు చివరికి. "నువ్వన్న నిలవడ్తవనుకున్న."

"అంత నా పానం కోసమే అయింది," అంది బాలనర్సమ్మ. "ఆనాడు ఆ లైన్ల గట్లనే పోయినా బాగుండు."

"గట్ల అనకు అత్తమ్మా."

ఇంకా ఏదో చెప్పాలని కనకరాజుకు ఉంది. ఏం చెప్పినా అది మరో తప్పు కాగితమవుతుందనిపించింది. ఆమె రెండో చెయ్యి పట్టుకున్నాడు. చెరొక వైపు పట్టుకుని ఇద్దరూ ఆమెను సందులోంచి, పాలబండ్ల మధ్యనుంచి, స్కూలు పిల్లల మధ్యనుంచి మెల్లగా రోడ్డు దాకా నడిపించారు. ఆమె నాలుగడుగులకోసారి ఆగేది. ఆమె ఆగినప్పుడల్లా వాళ్లూ ఆగేవాళ్లు. బస్సు నిండా జనం. ఎవరో ఒకామె లేచి బాలనర్సమ్మకు చోటిచ్చింది. మగవాళ్లిద్దరూ పైన ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

హబ్సిగూడలో బస్సు ఆగింది. నాచారం పోయే రోడ్డు అక్కడే విడిపోతుంది.

"నీకు డ్యూటీ లేదా?" అడిగాడు ఆగయ్య.

"రెండింటికున్నది."

"మరి దిగు. ఈడైతే నాచారం బండి దొర్కుతది. గాంధీల ఎంతసేపయితదో ఏమో. డ్యూటీ తప్పితె ఆడ గూడ తీసేస్తరు."

కనకరాజు కదల్లేదు. దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. అతని భుజాన్ని తోసుకుంటూ మనుషులు ముందుకు పోతున్నారు.

"నేను నీ డ్యూటీల లేను గద, అల్లుడా," అన్నాడు ఆగయ్య, అతనికి మాత్రమే వినపడేంత మెల్లగా. "ఇగ దిగు."

"తెల్సు మామా."

కండక్టరు విజిల్ వేసింది. బాలనర్సమ్మ ఒళ్లోంచి జారిపోతున్న కాగితాల సంచిని కనకరాజు వంగి అందుకుని తన చేతిలో పట్టుకున్నాడు. బస్సు తార్నాక వైపు కదిలింది.